ఎవరైనా విప్పగల ల్యాప్‌టాప్

"ఎవరు తీశారు?"

ఇది మూడోసారి అడగడం. మొదటి రెండుసార్లూ ఆ ఇంట్లో ఎవరి చెవులూ పనిచేయలేదు.

భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ బోర్లా పడి ఉంది. కింది మూత ఊడదీసి పక్కన పెట్టి ఉంది. లోపల ర్యామ్ ముక్కలు రెండు ఉండాలి. ఒకటే ఉంది. రెండోది ఉండాల్సిన చోటు ఖాళీగా కనిపిస్తోంది. ఆ ఖాళీని చూసినకొద్దీ ఆమెకు ఒళ్లు మండిపోతోంది. కాలేజీ నుంచి వచ్చి భుజాన సంచీ కూడా దించలేదు.

సోఫాలో పడుకుని ఉన్న మరిది హెడ్‌ఫోన్లు ఒక చెవి మీంచి జరిపాడు.

"ఏమైంది వదినా?"

"ఏమైందో నన్నడుగుతావేంటి? ర్యామ్ ఏది?"

మరిది నీళ్లు నమిలాడు. లేచి కూర్చున్నాడు. దిండు సర్దాడు. ఇక సర్దడానికి ఏమీ మిగలకపోయేసరికి నోరు విప్పాడు.

"అదా! ఆదివారం నేనే తీసుకున్నా. వీడియో ఒకటి అర్జెంటుగా ఎడిట్ చేసివ్వాల్సొచ్చింది. నా మెషీన్ మొరాయించింది. నీకు ఇంకోటి ఉందిగా అని..."

"నాకో మాట చెప్పాలనిపించలేదా?"

"నువ్వు కునుకు తీస్తున్నావు వదినా. లేపడం ఎందుకులే అనుకున్నా."

నిద్ర లేపకుండా వస్తువులు పట్టుకెళ్లేవాళ్లని లోకంలో వేరే పేరుతో పిలుస్తారు. ఇంట్లో అయితే మరిది అంటారు.

"ఇప్పుడెక్కడుంది?"

"స్టూడియోలో. పెద్ద వీడియో తయారవుతోంది. మధ్యలో ఆపితే మొత్తం పోతుంది. రేపు మధ్యాహ్నానికి తెచ్చిచ్చేస్తా, ఒట్టు."

ఆమె బల్ల వైపు తిరిగింది. రెండ్రోజులుగా తెర మీద అక్షరాలు వెనకబడుతుంటే తన వేళ్లే మొద్దుబారాయేమో అని భయపడింది. వేళ్లకు నూనె రాసి మర్దన కూడా చేసుకుంది. అది తలుచుకుంటే ఇంకా మండింది.

ఆ వేళ్లే ఆమెకు అన్నం పెట్టేవి. వినపడని విద్యార్థుల పక్కన కూర్చుని, క్లాసులో మేష్టారు నోటి వెంట వచ్చిన ప్రతి మాటనీ వచ్చినంత వేగంగా టైపు చేయడం ఆమె ఉద్యోగం. విద్యార్థులు తెర చూస్తూ పాఠం చదువుకుంటారు. ఇంట్లో ఆమెను టకటక అంటారు. పెళ్లయిన కొత్తలో ఈ మరిదే పెట్టిన పేరు. ముద్దుగానే పెట్టాడు పాపం.

"సరే. ర్యామ్ నువ్వు తీశావు. బ్యాటరీ ఎవరు మార్చారు?"

"బ్యాటరీయా? నాకు తెలీదు వదినా. నిజంగా తెలీదు."

"నా బ్యాటరీ మీద ఆకుపచ్చ స్టిక్కర్ ఉంటుంది. దీనిమీద లేదు. ఇది ముసలి బ్యాటరీ. నాది కాదు."

లోపలి గదిలో అప్పటిదాకా ఫోన్లో గట్టిగా వినిపిస్తున్న గొంతు ఉన్నట్టుండి తగ్గింది. కాసేపటికి ఆమె భర్త గుమ్మంలోకి వచ్చాడు. లిఫ్టులు నడిపించే కంపెనీలో ఇంజనీరు. విప్పగలిగిన ప్రతిదాన్నీ విప్పి చూస్తే తప్ప నిద్రపట్టని మనిషి.

"నేనే మార్చాను. అయితే ఏంటి? రెండూ ఒకటే మోడల్ కదా."

"అయితే ఏంటా?"

"నా బ్యాటరీ చచ్చిపోయింది. లిఫ్టు గుంతలో కూర్చుని పనిచేస్తాను నేను. అక్కడ ప్లగ్గు ఎక్కడ వెతుక్కోను? నువ్వు క్లాసులో కూర్చుంటావు. గోడకి ప్లగ్గుంటుంది."

"ఉంటుంది. వెనక గోడకి ఉంటుంది. నేను ముందు వరసలో కూర్చుంటాను. తొమ్మిదేళ్లుగా ముందు వరసలోనే కూర్చుంటున్నాను. ఎప్పుడైనా అడిగారా?"

కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న అత్తగారు తల తిప్పింది. ఆవిడ ఆస్పత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరయింది. మాట తక్కువ. అన్న మాట మాత్రం వార్డంతా వినపడేలా అంటుంది.

"ముందు సంచీ దించమ్మా. ఒక ముక్క కోసం ఇంత రాద్ధాంతమా? బయటివాళ్లు తీశారా ఏమన్నానా?"

"బయటివాళ్లు తీస్తే పోలీసులకి చెప్పుకునేదాన్ని అత్తయ్యా."

మరిది నవ్వబోయి, వదిన మొహం చూసి మానుకున్నాడు.

"పొద్దున ఏం జరిగిందో తెలుసా మీకు?" అని అడిగింది టకటక. ఎవరికీ తెలియదు కాబట్టి ఆమే చెప్పింది.

లా చదివే అమ్మాయి ఒకతి ఉంది. ఈ రెండేళ్లుగా టకటక కూర్చునేది ఆ అమ్మాయి పక్కనే. ఎదుటివాళ్లు ఏదన్నా వెంటనే అడ్డు ప్రశ్న వేస్తుంది కాబట్టి ఇంట్లో కూడా అందరూ ఆమెను చిన్న లాయరు అనే చెప్పుకుంటారు. పొద్దున క్లాసు సగంలో ఉండగా తెర నల్లబడిపోయింది. హెచ్చరిక కూడా రాలేదు. సరిగ్గా అప్పుడే మేష్టారు ఏదో జోకు వేశారు. క్లాసంతా గొల్లుమంది.

"ఆ పిల్ల నల్లటి తెర వంక చూసింది. నా వంక చూసింది. చుట్టూ అందరి మొహాలూ చూసింది. చూసి తనూ నవ్వింది. ఏమన్నారక్కా అని అడగలేదు. నవ్వేసింది. దేన్నీ అడక్కుండా వదలని పిల్ల!"

ఏడిస్తే జాలిపడి ఊరుకుంటారని ఆమెకు తెలుసు. అందుకే ఏడవలేదు.

"మిగతా గంటంతా కాగితం మీద గిలికాను. సగం మాటలు జారిపోయాయి. బయటికి రాగానే వాళ్ల డిపార్ట్‌మెంటు హెడ్డు పిలిచారు. రేపు పొద్దున మౌఖిక పరీక్ష. ముగ్గురు కూర్చుని ప్రశ్నలు అడుగుతారు, ఆ పిల్ల నా తెర మీద చదివి జవాబు చెప్పాలి. రేపు కూడా ఇలా ఆగిపోతే ఆ పిల్ల కోసం మళ్లీ పరీక్ష పెట్టడం కుదరదట. ఇక వచ్చే ఏడాదేనట."

మరిది హెడ్‌ఫోన్లు మెడలోంచి తీసేసి పక్కన పెట్టాడు.

"అయ్యో," అంది అత్తగారు.

ఇంజనీరు మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఆయనకి ఏ సమస్యలోనైనా ఊడిన ముక్క ఏదో తెలిస్తే చాలు, సగం తీరిపోయినట్టే.

"ఇంతేనా! రేపు సాయంత్రం నీ బ్యాటరీ నీకు పెట్టేస్తా. వాడి ర్యామ్ కూడా వచ్చేస్తుంది. అయిపోయింది."

"పరీక్ష రేపు పొద్దున."

"రేపు పొద్దున నాకు కొత్త బిల్డింగులో లిఫ్టు తనిఖీ ఉంది. అధికారులు వస్తున్నారు. నా ల్యాప్‌టాప్ ఆగితే లిఫ్టు ఆగినట్టే. ఒక్కరోజు సర్దుకో. పొడుగు వైరు పట్టుకెళ్లు."

"పరీక్ష గదిలో వైర్లు లాగనివ్వరు. నా మెషీన్, నేను. అంతే."

"మాట్లాడి చూడు. మనుషులే కదా."

"అక్కడికెళ్లి బతిమాలుకోవాలి. ఇక్కడ మాత్రం మీ ఒళ్లోంచి బ్యాటరీ కదలకూడదు. అంతేగా?"

ఇంజనీరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఉపన్యాసం మొదలయ్యే ముందు ఆయన ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు.

"చూడు. అదే ఆ సన్నటి ల్యాప్‌టాపులు కొని ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. ర్యామ్ బోర్డుకి అతికించేస్తారు. బ్యాటరీ జిగురు పెట్టి అంటించేస్తారు. ఏది పోయినా మొత్తం పారేయాల్సిందే. పచ్చి దోపిడీ అది. మన దాంట్లో అయితే ఏ ముక్క కావాలంటే ఆ ముక్క మార్చుకోవచ్చు. నువ్వే కదా కొనేటప్పుడు అంతమందికి వాదించి చెప్పావు?"

వాదించిన మాట నిజమే. చెత్తలో పడేసిన ఎలక్ట్రానిక్ సామాను గుట్టలు చూసి కడుపు తరుక్కుపోయి, బ్యాటరీ తొందరగా అయిపోయినా ఫరవాలేదు, విప్పి బాగుచేసుకోగలిగిందే కావాలని పట్టుబట్టింది. ఆ ముచ్చట చూసే ఆయన తనకీ అదే తెచ్చుకున్నాడు.

"చెప్పాను. అది అతికించిందైతే ఇవాళ మీరెవరూ విప్పేవాళ్లు కాదు."

ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరిపాడు.

"నాకు విప్పలేనిది కావాలి," అంది ఆమె. "ఇప్పుడే వెళ్లి కొనుక్కుంటాను."

* * *

దుకాణానికి ఆయన కూడా వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. సిగ్నలు దగ్గర ఒకసారి ఆయన "కోపంలో కొంటే..." అని మొదలుపెట్టి, ఆమె కొరకొరా చూసేసరికి ఆగిపోయాడు.

అద్దాల గదిలో వరసగా ల్యాప్‌టాపులు, ఒకదాన్ని మించి ఒకటి సన్నగా. సేల్స్‌మన్ చక్కటి చొక్కాలో ఎదురొచ్చి, నేరుగా ఇంజనీరుకి చెయ్యిచ్చాడు.

"చెప్పండి సార్. ఏ బడ్జెట్లో చూస్తున్నారు?"

"నాకు," అంది టకటక.

"ఓ, మేడమ్‌కా! మేడమ్‌కైతే ఇది చాలా బావుంటుంది సార్. చేతిసంచీలో పట్టేస్తుంది. రంగులు కూడా ఉన్నాయి."

"బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?" అని అడిగింది ఆమె.

"పొద్దున ఛార్జి పెడితే మళ్లీ పడుకునే ముందే సార్," అని ఇంజనీరుకి జవాబు చెప్పాడు. "కొత్త రకం చిప్పు. కరెంటు తాగదు. వేడెక్కదు. ఫ్యాన్ కూడా లేదు, చప్పుడే ఉండదు."

చప్పుడు ఉండదు. పరీక్ష గదిలో తన మెషీన్ ఫ్యాను బుస్సుమన్నప్పుడల్లా అందరూ తల తిప్పి చూడటం గుర్తొచ్చింది ఆమెకు. రోజంతా ప్లగ్గు కోసం గోడలు వెతుక్కోనక్కర్లేదు. మనసు లాగింది. సిగ్గుపడకుండా ఒప్పుకుంటే, బాగా లాగింది.

"ఒకసారి టైపు చేసి చూస్తాను," అంది. సేల్స్‌మన్ బల్ల మీది ల్యాప్‌టాప్ తెరిచి ముందుకు జరిపాడు. ఆమె కీబోర్డులో తనకు అలవాటైన అక్షరాల అమరిక పెట్టుకుని, వేళ్లు ఆనించింది. అలవాటు ప్రకారం వినపడుతున్నది వినపడినట్టు కొట్టడం మొదలుపెట్టింది. ఇంకేం టైపు చేయాలో ఆమెకు తెలియదు కూడా.

వాళ్లిద్దరూ ఆమె పక్కనే నిలబడి ఆమెను మర్చిపోయారు.

"మేడమ్ ఏం చేస్తుంటారు సార్?" అని అడిగాడు సేల్స్‌మన్.

"టైపింగే. పెద్ద పనేం కాదు."

"అయితే ఇంత ఖరీదుది అక్కర్లేదు సార్. పాతదే బాగుచేయించుకోవచ్చు."

"అదే నేను చెప్పేది. ఇంట్లో బంగారంలాంటి మెషీన్ ఉంది. కాస్త కోపమొచ్చింది, రెండ్రోజులు పోతే తనే సర్దుకుంటుంది. కొనకపోతే ఊరుకోదు కదా అని వచ్చాను."

సేల్స్‌మన్ అన్నీ తెలిసినట్టు నవ్వాడు. "మా ఇంట్లో కూడా అంతే సార్."

టకటక చప్పుడు ఆగింది. ఆమె ల్యాప్‌టాప్‌ని మెల్లగా వాళ్ల వైపు తిప్పింది.

తెర మీద పెద్ద అక్షరాల్లో అంతా ఉంది. ఎవరేమన్నారో ఎవరి పేరు కింద వాళ్లది, ఒక్క మాట పొల్లుపోకుండా ఉంది. *సార్: టైపింగే. పెద్ద పనేం కాదు.* దాని కింద *కాస్త కోపమొచ్చింది, రెండ్రోజులు పోతే తనే సర్దుకుంటుంది.* అన్నిటికన్నా కింద *సేల్స్‌మన్: మా ఇంట్లో కూడా అంతే సార్.*

సేల్స్‌మన్ చదివి గుటకలు మింగాడు. ఇంజనీరు చదివాడు. మళ్లీ పైనుంచి చదివాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నేను ఆ ఉద్దేశంతో అనలేదు," అన్నాడు మెల్లగా.

"ఉద్దేశాలు టైపు చేయడం నాకు రాదు. మాటలే వచ్చు."

తర్వాత ఆమె సేల్స్‌మన్‌ని అడిగింది. ఈసారి అతను ఆమె మొహం చూసే జవాబిచ్చాడు.

"కీబోర్డు పోతే మారుస్తారా?"

"విడిగా రాదు మేడమ్. కీబోర్డు, బ్యాటరీ, పైభాగం అంతా ఒకటే అచ్చు. మొత్తం మార్చాలి. దాదాపు కొత్తది కొన్నంత అవుతుంది."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"రెండు మూడు వారాలు మేడమ్. మామూలుగా కీబోర్డులు పోవు లెండి."

మామూలుగా పోవు. ఆమె చేతుల కింద మాత్రం ఏడాదికొకటి పోతుంది. అక్షరాలు అరిగి, మీటలు వదులై, ఒక రోజు ఏదో ఒకటి నొక్కుకుపోతుంది. ఇప్పటికి మూడుసార్లు తన మెషీన్‌కి తనే ఇంట్లో బల్ల మీద కొత్త కీబోర్డు వేసుకుంది. టీ చల్లారేలోపు అయిపోయే పని. ఇక్కడైతే మూడు వారాలు చేతులు ముడుచుకుని కూర్చోవాలి. అప్పుడు తన పక్కన కూర్చున్న పిల్ల ఎవరి నోరు చూసి నవ్వాలి?

అప్పటిదాకా ఇంటివాళ్ల మీదున్న కోపం ఇప్పుడు ఈ అద్దాల గది మీదకి కూడా పాకింది. మనిషి చేతికి తన పనిముట్టు విప్పుకునే హక్కు లేకుండా జిగురు పెట్టి మూసేసి, దానికి అందం అని పేరుపెట్టి అమ్ముతారా? ఇంట్లో ఉన్నదాన్ని అందరూ విప్పుతారు. ఇక్కడ ఉన్నదాన్ని తను కూడా విప్పే వీల్లేదు. ఆమెకు కావలసిన మెషీన్ ఏ దుకాణంలోనూ లేదు. తను మాత్రమే విప్పేది కావాలి.

"వద్దులెండి," అని లేచింది.

ఇంజనీరు మొహం వికసించింది. పాపం, గెలిచాననుకున్నాడు.

"చెప్పానా!" అన్నాడు మెట్లు దిగుతూ. ఇంటిదాకా ఆయన ఈలవేస్తూనే ఉన్నాడు.

* * *

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. బల్ల మీద ఆమె మెషీన్ విప్పినట్టే ఉంది. మరిది ఏమనుకున్నాడో, దాని మీద దుమ్ము పడకుండా ఒక గుడ్డ కప్పి పెట్టాడు.

టకటక చేతులు కడుక్కుని తుడుచుకుంది. లోపలి గదిలోకి వెళ్లి, భర్త సంచీలోంచి ఆయన ల్యాప్‌టాప్ తీసుకొచ్చింది. తన దాని పక్కన బోర్లా పెట్టింది. సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, మొదటి మర తిప్పింది.

"ఏం చేస్తున్నావు?" ఇంజనీరు ఈల ఆగిపోయింది.

"నా బ్యాటరీ తీసుకుంటున్నాను. ఒక ర్యామ్ కూడా తీసుకుంటాను. మీకు ఇంకోటి ఉంటుంది."

"రేపు నాకు తనిఖీ ఉందన్నానా లేదా?"

"ఉందన్నారు. విన్నాను."

రెండో మర వదులైంది. మూడోది కొంచెం మొరాయించింది. మరిది సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. "అన్నయ్యా, నేను స్టూడియోకి ఫోన్ చేసి..." అన్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

"ఆ ముసలి బ్యాటరీ లిఫ్టు గుంతలో పావుగంట కూడా రాదు. అధికారుల ముందు నా పరువు పోతుంది. తెలుస్తోందా నీకు?"

"తెలుస్తోంది. ఇవాళ పొద్దున క్లాసులో బాగా తెలిసింది."

నాలుగో మర మీద స్క్రూడ్రైవర్ ఆనించేలోపు ఇంజనీరు గబగబా వచ్చి, ల్యాప్‌టాప్ మీద అరచెయ్యి వేసి నొక్కిపట్టాడు. కొట్టడానికి కాదు. ఆ మనిషికి ఆ పాపం తెలియదు. కానీ ఆ చేతిలో ఉన్న బలం ఆమెకు బల్ల ద్వారా తెలిసింది.

"వదులు. ఇది నాది."

కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. అత్తగారు లేచి బల్ల దగ్గరకు వచ్చింది. కొడుకు చేతి వైపు చూసింది. పక్కన గుడ్డ తొలగి ఖాళీగా నోరు తెరుచుకుని ఉన్న రెండో మెషీన్ వైపు చూసింది.

"మరి అది ఎవరిదిరా?"

"ఏదమ్మా?"

"కోడలిది. అది ఎవరిది?"

"అదేంటమ్మా, అది ఇంట్లో అందరి..."

అక్కడ ఆగిపోయాడు. ఆగినా లాభం లేకపోయింది. మాట అప్పటికే బయటికి వచ్చేసింది, గదిలో ఉన్న నలుగురికీ వినపడింది. మరిది తల దించుకున్నాడు. అత్తగారు కుర్చీ లాక్కుని కోడలి పక్కన కూర్చుంది. ఆ ఇంట్లో ఆవిడ ఎప్పుడూ కూర్చునేది పెద్దకొడుకు పక్కన.

టకటక తలెత్తి భర్త మొహంలోకి చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనతో ఆమె ఎప్పుడూ ఇంత మెల్లగా మాట్లాడలేదు.

"చెయ్యి తీయండి."

ఆయన తీయలేదు.